టెక్ సందేహాలు: నార్వే ప్లాన్లు, ఉచిత అనువాదాలు

ప్రశ్న: హైదరాబాద్‌లో విదేశీ భవనాల డ్రాయింగులు చేసే ఆఫీసులో పని చేస్తున్నాను. నార్వే ఆర్కిటెక్టుల వివరణలను ఇంగ్లిష్‌లోకి మార్చి లండన్ క్లయింటుకు పంపాలి. ఉచిత అనువాద సైట్‌లో పేస్ట్ చేస్తే భాష అతుకుల బొంతలా వస్తోంది. సహజంగా రావాలంటే ఏ టూల్ వాడాలి?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. ఏ టూల్ మంచిదని అందరూ అడుగుతారు. ఆ పత్రాన్ని బయటి సర్వర్‌కు పంపడానికి అనుమతి ఉందా అని ఒక్కరూ అడగరు. నాకు టెన్షన్ అంతా దాని గురించే.

2017 సెప్టెంబరులో నార్వే ప్రసార సంస్థ ఎన్ఆర్‌కే ఒక వార్త బయటపెట్టింది. ఒక ఉచిత అనువాద సైట్‌లో జనం పేస్ట్ చేసినవి సర్వర్‌లో ఉండిపోయి, సెర్చ్‌లో ఎవరికైనా దొరికేవి. అప్పటి స్టాటాయిల్, అంటే ఇప్పటి ఈక్వినార్, ఉద్యోగులు పేస్ట్ చేసినవి కూడా అందులో ఉన్నాయి. కాంట్రాక్టులు, ఉద్యోగుల తొలగింపు నోటీసులు, పాస్‌వర్డ్‌లు కూడా కనిపించాయి. ఏ హ్యాకరూ అవసరం లేకపోయింది. సొంత ఉద్యోగులే అతికించి వెళ్లారు.

మీ చేతిలోని పత్రం ఇంకా సున్నితమైనది. ఆసుపత్రిదో బ్యాంకుదో అయితే అత్యవసర ద్వారాలు ఎటు ఉన్నాయి, ఏ తలుపుకు ఏ తాళం, సర్వర్ గది ఏ మూల అన్నీ అందులో ఉంటాయి. భవనం పేరు చెరిపేసినా చిరునామా, ప్లాట్ నంబరు పట్టిస్తాయి. మనం రాసినదాన్ని దాచుకునే సెట్టింగును మొదటే ఆన్ చేసి, ఆపే బటన్‌ను నాలుగు మెనూల కింద పెట్టే డిజైన్ అంటే నాకు ఒళ్లు మంట. ‘ఈ పేజీని అనువదించాలా’ అని బ్రౌజర్ అడగ్గానే ఆలోచించకుండా నొక్కేసే అలవాటూ అంతే ప్రమాదం. చాలా బ్రౌజర్లలో ఆ పాఠ్యం కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. కంప్యూటర్‌లోనే అనువదించే బ్రౌజర్లు, ఆఫ్‌లైన్ ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి భాష కాస్త మొరటుగా ఉన్నా మీ పనికి అవే మేలు. పెయిడ్ సర్వీసే కావాలంటే, మీ పాఠ్యాన్ని దాచుకోబోమని, తమ ఏఐ శిక్షణకు వాడబోమని కాంట్రాక్టులో రాసి ఇచ్చేదాన్నే మీ ఆఫీసు కొనాలి.

ఇక నాణ్యత. నార్వేలో నేల మీది అంతస్తే ఒకటో అంతస్తు. అక్కడ రెండోది అంటే లండన్‌లో, మన దగ్గర ఫస్ట్ ఫ్లోర్. టూల్ దాన్ని సెకండ్ ఫ్లోర్ అని రాస్తే వాక్యం చక్కగానే ఉంటుంది, గోడ మాత్రం తప్పు అంతస్తులో లేస్తుంది. దశాంశానికి వాళ్లు కామా వాడతారు. 2017 నాటి నార్వే భవన నిర్మాణ నిబంధనల్లో (టెక్17) బయటి గోడ యూ-విలువ, అంటే గోడ గుండా ఎంత వేడి బయటికి పోతుందో చెప్పే అంకె, 0,18 అని ఉంటుంది. స్కాన్ చేసినప్పుడు ఆ కామా ఎగిరిపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పైగా నార్వేజియన్‌కు బోక్మోల్, నీనోర్స్క్ అని రెండు రాత రూపాలు ఉన్నాయి. చాలా టూల్స్ రెంటికీ కలిపి ఒకే ఆప్షన్ పెట్టి చేతులు దులుపుకున్నాయి. పశ్చిమ నార్వే మునిసిపాలిటీల నుంచి వచ్చే నీనోర్స్క్ కాగితాలను మరింత అనుమానంగా చదవండి.

అనువాదం అయ్యాక భాషను నున్నగా చేసే పని చివరికి పెట్టుకోండి. ముందు అంకెలు, అంతస్తులు, కొలతలను అసలు డ్రాయింగుతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. తేలని మాట ఉంటే ఊహించి రాయకుండా నార్వే ఆర్కిటెక్టుకే మెయిల్ పెట్టండి.