శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ మొదటి సంవత్సరం. స్నేహితుడి వెంట వెళ్లి ఓ అమెచ్యూర్ ఫుటీ (ఆస్ట్రేలియా పద్ధతి ఫుట్‌బాల్) క్లబ్బులో చేరాడు. మంగళ, గురువారాలు సాయంత్రం ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. పైసా రాదు సరికదా, ఎదురు ఫీజు కట్టాలి. మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొస్తాడు. నిరుడు మావాళ్ల పిల్లాడికి ఏదో ఆటలో తలకు దెబ్బ తగిలిందని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మాన్పించేద్దామని మావారు అంటున్నారు. మీ అమ్మాయి కూడా ఆడుతుందని రాశారు కదా, మీరేమంటారు?
— ఓ తల్లి, టార్నీట్

జవాబు: అమ్మా, మాన్పించే ముందు ఒక్క శనివారం మీరిద్దరూ వెళ్లి చూడండి. పిల్లాణ్ని గేటు దగ్గర దింపేసి రావడం కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండండి. ఆ రోజు ఎలా నడుస్తుందో మొన్నటి మా క్లబ్బు శనివారం చెబుతాను.

ఎనిమిదింటికి వెళ్లేసరికి గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. ఇద్దరు తండ్రులు గోల్ స్తంభాలకు మెత్తటి దిండ్లు చుడుతున్నారు. క్యాంటీన్లో ఓ ముసలాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆయన మనవడు ఆట మానేసి మూడేళ్లయింది, ఆయన మాత్రం మానలేదు. ముందు అండర్-19 పిల్లలు, ఆ తర్వాత రిజర్వు జట్టు, మధ్యాహ్నం రెండింటికి సీనియర్లు. మా అమ్మాయి జట్టుది వేరే మైదానం, వాళ్లమ్మ అక్కడికి వెళ్లింది. ఆదివారం పొద్దున చిన్నపిల్లల మ్యాచ్‌లు. అంటే రెండు రోజులూ ఎవరో ఒకరు ఆ క్లబ్బు తలుపు తీస్తూనే ఉండాలి. వీళ్లెవరికీ జీతం లేదు.

నేను రిజర్వు జట్టుకు గోల్ అంపైర్ని. తెల్లకోటు వేసుకుని, రెండు జెండాలు పట్టుకుని స్తంభాల వెనక నిలబడతాను. గోల్ అయితే రెండు వేళ్లు చూపించి రెండు జెండాలూ ఊపాలి. బిహైండ్ (ఒక్క పాయింటే వచ్చేది) అయితే ఒక వేలు, ఒక జెండా. ప్రతి పాయింటూ జేబులోని అట్ట మీద పెన్సిలుతో గీసుకోవాలి. క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) అయ్యాక అవతలి గోల్ దగ్గరున్న అంపైరూ నేనూ కలిసి అట్టలు సరిచూసుకుంటాం.

మొన్న చివరి క్వార్టర్లో మావాడొకడు నలభై మీటర్ల నుంచి కొట్టాడు. బంతి నా తల మీదుగా స్తంభాల మధ్యలోంచి నేరుగా వచ్చింది. కానీ గీత దాటేముందు అవతలి జట్టువాడు గాల్లోకి ఎగిరాడు, అతని వేలికొస తగిలి బంతి తిరుగుడు మారింది. అంత దగ్గర్నుంచి నాకొక్కడికే కనిపించింది. తాకితే అది గోల్ కాదు, ఒక్క పాయింటే. ఒక జెండా ఊపాను. మ్యాచ్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడాం. మా వైపు జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. సైరన్ మోగాక ఆ కొట్టిన కుర్రాడు బురద కాళ్లతో నేరుగా నా దగ్గరికే వచ్చాడు. చెయ్యి కలిపి, “తాకింది అంకుల్, నేనూ చూశాను” అన్నాడు. ఇరవై ఒక్కేళ్లవాడు. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

డబ్బు సంగతి అడిగారు. విక్టోరియా అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1892లో మొదలైంది. ఆటగాడికి డబ్బివ్వకూడదన్నది దాని నియమం. ఇక్కడి వేరే లోకల్ లీగుల్లో డబ్బిచ్చి ఆడించే క్లబ్బులున్నాయి, మీవాడు వాటిని కాదని దీన్లో చేరాడు. కట్టే ఫీజు ఇన్సూరెన్సుకీ, అంపైర్లకీ, బంతులకీ పోతుంది. మా కోశాధికారి ఏటా లెక్కంతా అందరి ముందూ చదువుతాడు. మీరూ అడగండి, చూపిస్తారు.

ఇక దెబ్బలు. మోకాళ్లు చెక్కుకుపోవడానికి భయపడకండి. మా గుంటూరు జిల్లాలో నేను కబడ్డీ ఆడిన రోజుల్లో మోకాలు తెగకుండా ఇంటికెళ్లింది లేదు. తల విషయంలో మాత్రం మీ భయం న్యాయమైనదే. పోయినేడాది మా అమ్మాయికి అవతలి అమ్మాయి భుజం తగిలి కళ్లు తిరిగాయి. “బాగానే ఉన్నాను నాన్నా” అని మళ్లీ మైదానంలోకి వెళ్లబోయింది. ట్రైనర్ (దెబ్బలు తగిలితే చూసుకునే మనిషి) వెళ్లనివ్వలేదు. 2024 నుంచి ఇక్కడి కమ్యూనిటీ ఫుట్‌బాల్లో తలకు అలాంటి దెబ్బ తగిలితే కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు, ఆ తర్వాత కూడా డాక్టరు రాసిచ్చాకే దిగాలి. మొదటి వారం మా అమ్మాయికి ఫోను వెలుగు కూడా పడలేదు. గదిలో తెరలు వేసి పక్కన కూర్చున్నాం. ఆ మూడు వారాలు నాకు మూడు నెలల్లా గడిచాయి. నియమం లేకపోతే మరుసటి శనివారమే వెళ్లేది, నేనాపినా ఆగేది కాదు.

అందుకని మీవాడి క్లబ్బులో మీరు అడగాల్సింది ఒకటే: ట్రైనర్ ఎవరు, ఆయన ఆడొద్దన్నాక కోచ్ మాట్లాడకుండా వింటాడా? వినని క్లబ్బయితే మాన్పించండి, నేనే మీ పక్షాన వస్తాను. మెత్తటి హెల్మెట్ కొనిస్తే సరిపోతుందనుకోకండి. గాట్లు పడకుండా కాపాడుతుందేమో గానీ, లోపల మెదడు కుదుపును ఆపదు. డెంటిస్టు దగ్గర అచ్చు తీయించిన మౌత్‌గార్డు మాత్రం తప్పకుండా ఉండాలి.

మీవారికి ఒక మాట చెప్పండి. టైమ్‌కీపర్‌కో, నీళ్ల సీసాలు మోయడానికో మనిషి కావాలని ప్రతి క్లబ్బూ వెతుకుతూ ఉంటుంది. ఆ పని ఒకటి అడిగి తీసుకోమనండి.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని, తెనాలి నుంచి మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఫుటీ మ్యాచ్‌లో స్కోరు బోర్డు మీద 12.8 (80) అని రాశారు. ఇదేం దశాంశం? పైగా క్రికెట్ మైదానంలో ఫుట్‌బాల్ ఎందుకు ఆడతారు?

జవాబు: మాస్టారూ, అది దశాంశం కాదు. చుక్కకు ముందున్నవి గోల్స్, తర్వాతవి బిహైండ్లు. రెండు పొడుగు స్తంభాల మధ్యలోంచి వెళ్తే గోల్, ఆరు పాయింట్లు. పొడుగు స్తంభానికీ పక్కనున్న పొట్టిదానికీ మధ్యలోంచి వెళ్తే బిహైండ్, ఒక పాయింటు. పన్నెండారులు డెబ్బై రెండు, ఎనిమిది కలిపితే ఎనభై. ఇందులో ఓ తిరకాసుంది: 10.21 కొట్టిన జట్టు 12.8 కొట్టిన జట్టును ఓడిస్తుంది. మీరే వేసి చూడండి, ఒక్క పాయింటు తేడా.

మైదానం సంగతికి వస్తే, ఈ ఆట క్రికెటర్ల చలికాలం కోసమే పుట్టింది. టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858 జూలై 10న మెల్‌బోర్న్ పత్రికలో ఉత్తరం అచ్చువేయించాడు. చలికాలంలో క్రికెటర్లు ఒళ్లు బిగదీసుకుపోకుండా ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి పెట్టుకుందామని దాని సారాంశం. ఆ ఆగస్టు 7న ఇప్పటి ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) పక్క స్థలంలో రెండు స్కూళ్లు జట్టుకు నలభై మందితో ఆడాయి. 1859 మే 17న నియమాలు రాసుకున్నారు. ఇంగ్లండులో సాకర్ నియమాలు రాసింది 1863లో, అంతకంటే ఇదే ముందన్నమాట. కోలగా ఉన్న క్రికెట్ మైదానమే దీని మైదానమైంది కాబట్టి ఇప్పటికీ కచ్చితమైన కొలత లేదు. పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఇప్పుడు జట్టుకు పద్దెనిమిది మంది. బంతికి ముందు ఎక్కడ నిలబడకూడదో చెప్పే ఆఫ్‌సైడ్ నియమం లేదు. మీరు ఎటు చూసినా ఎవడో ఒకడు పరుగెత్తుతూ కనిపించేది అందుకే.

ప్రశ్న: ఊరి నుంచి వచ్చిన అత్తయ్యనీ మామయ్యగారినీ మా తమ్ముడి మ్యాచ్‌కి తీసుకెళ్లొచ్చా? వాళ్లు శాకాహారులు, చలికి తట్టుకోలేరు.
— పాయింట్ కుక్ నుంచి ఒకరు

జవాబు: తప్పకుండా తీసుకెళ్లమ్మా. మడత కుర్చీలు, కంబళ్లు, ఫ్లాస్కు నిండా టీ పట్టుకెళ్లు. క్యాంటీన్లో వాళ్లకు వేడి చిప్స్ దొరుకుతాయి. పులిహోర డబ్బా ఒకటి వెంట ఉంటే నిశ్చింత, కొంచెం ఎక్కువే పెట్టుకో, పక్కవాళ్లు అడుగుతారు. మైదానం అంచున కారు పెట్టుకోనిచ్చే చోటైతే లోపల కూర్చునే చూడొచ్చు. మీవాళ్లు గోల్ కొడితే అందరితోపాటు హారన్ మోగించాలి, మామయ్యగారికి ముందే చెప్పు, ఉలిక్కిపడతారు.

మూడో క్వార్టర్ అయ్యాక కార్లోంచి దిగండి. అప్పుడు చూసేవాళ్లు కూడా మైదానంలోకి నడిచి వెళ్లి, జట్టు చుట్టూ నిలబడి, కోచ్ చెప్పేది వినొచ్చు. మామయ్యగారిని ముందు వరసలో నిలబెట్టు.