సమాధానం: రేపు రిమాండ్‌కి మేం వెళ్ళకపోతే దొంగకి బెయిల్ ఇచ్చేస్తారా?

బ్రదర్, గాజువాకలో అమ్మగారి గొలుసు తెంపినోడు దొరికాడు అన్నారు కదా, కంగారు పడకండి. అరెస్టయిన 24 గంటల్లో, ప్రయాణం టైమ్ కాకుండా, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, అంతే, రేపు జరిగేది అది. మీరు రావడం కంపల్సరీ కాదు. మా పిన్ని కేసులో పొద్దున్నుంచి సూర్యాబాగ్ కోర్టు వరండాలో కూర్చున్నాం, తీరా పిలిస్తే అయిదు నిమిషాలు కూడా పట్టలేదు, మమ్మల్ని ఎవరూ ఏం అడగలేదు 😅

అసలు చూసుకోవాల్సింది బెయిల్ పిటిషన్. 2022లో లఖింపూర్ కేసులో (యూపీలో రైతుల మీదికి కారెక్కించిన కేసు) సుప్రీంకోర్టు క్లియర్‌గా చెప్పింది, బాధితులకి ప్రతి దశలోనూ తమ మాట వినిపించుకునే హక్కుందని. కాబట్టి ఆ కోర్టు ఏపీపీ గారిని, అంటే మన తరఫున వాదించే ప్రభుత్వ లాయర్ని కలిసి, బెయిల్ వేస్తే చెప్పమనండి, అమ్మకి మెడ మీద గీతలు పడ్డాయన్నారు కదా ఆ ఫొటోలు, హాస్పిటల్ చీటీ, వాడి తరఫు వాళ్ళు ఇంటికొచ్చి బెదిరిస్తే అది కూడా రాసి ఎస్సై గారికివ్వండి, నోటిమాట లెక్కలోకి రాదు. దెబ్బ తగిలిన సంగతి ఎఫ్ఐఆర్‌లో ఉందో లేదో చూడండి, ఉత్త స్నాచింగ్ అయితే మూడేళ్ళ వరకే శిక్ష, బెయిల్ తొందరగా వచ్చేస్తుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, డబ్బులివ్వకండి.

సొంత లాయర్ని పెట్టుకోవచ్చు గానీ కోర్టు పర్మిషన్‌తో ఏపీపీకి సాయంగానే. ఖర్చనుకుంటే ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ కొట్టండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ ఇస్తారు.

గొలుసు రికవరీ అయితే బిల్లు వెతికిపెట్టుకోండి, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, ముందే పిటిషన్ వేసి తీసుకోవచ్చు.