పైలట్ జెట్‌లో తీగ దూర్చొద్దు

చిట్టీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పాత హీరో ఇంపల్స్ బైకు కొన్నావంట, సెప్టెంబర్‌లో హిమాచల్ కొండల్లో స్పితి పోతావంట, అదీ ఒక్కదానివే. నాకు కాసేపు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక షెడ్డు ముందు అరుగు మీద చాలాసేపు కూర్చున్నా. ఉదయగిరి కొండ సగం ఎక్కి కాళ్ళు నొప్పులని ఏడిస్తే నిన్ను భుజాల మీద మోసింది నిన్నగాక మొన్నలా ఉంది. భయమేసింది. మా పిల్ల అంత దూరం పోతోందని సంతోషమూ వేసింది. ఫోన్‌లో చెబితే ‘సరే మామా, సరే మామా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, నిదానంగా చదువు.

టైర్లు, చైను, బ్రేకులు చూపించుకో. ఆయిల్ మార్చు. స్పేర్ క్లచ్ కేబుల్, ట్యూబు, రెండు ప్లగ్గులు పెట్టుకో. ఇవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పాల్సింది కార్బురేటర్ సంగతి, అదే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపేది.

ఇంపల్స్ వచ్చింది 2011లో. నీది 2013 బండంటే రబ్బర్ల వయసూ అంతే. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, ఇప్పుడు దాదాపు ఎక్కడ పోయించినా అదే. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు పైపు, ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) ఓరింగు ముందు మార్చెయ్. పైన మూత విప్పితే డయాఫ్రమ్ ఉంటుంది, పల్చటి నల్ల రబ్బరు. దాన్ని మెల్లగా సాగదీసి వెలుతురుకి అడ్డం పెట్టి చూడు. సూదిపోటంత చిల్లి కనపడినా కొత్తది వెయ్యాల్సిందే. చిల్లి ఉంటే నువ్వు యాక్సిలరేటర్ ఎంత తిప్పినా కార్బురేటర్ లోపలి పిస్టన్ పైకి లేవదు, ఘాట్‌లో బండి ఈడుస్తుంది. క్లీనర్ స్ప్రే కొట్టేటప్పుడు ఈ రబ్బర్లన్నీ తీసి పక్కన పెట్టు, లేకపోతే ఉబ్బిపోతాయి. కళ్ళద్దాలు పెట్టుకో.

బండి ఆపిన ప్రతిసారీ పెట్రోల్ ట్యాప్ కట్టెయ్. టీ తాగడానికి ఆపినా సరే. లోపల ఫ్లోట్ పని మన మేడమీద ట్యాంకులో బంతి పనే. నిండగానే నీడిల్ అనే చిన్న మొన పెట్రోలు దారి మూసేయాలి. అక్కడ ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంటే మూసుకోదు, పెట్రోలు ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది, ఒక్కోసారి ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. పొద్దున్నే ఆయిల్ గేజి తీసి వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయకు, ఆయిల్ మార్చాకే కదులు. ఊరికే కారుతుంటే స్క్రూడ్రైవర్ పిడితో చాంబర్ మీద మెల్లగా రెండు దెబ్బలు కొట్టు, చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు నీకు ఇంతవరకు ఎవరూ చెప్పని సంగతి. 1997లో నాకు 22 ఏళ్ళు. సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 100 ఒకటి కొన్నా. నాలుగు బండ్ల కార్బురేటర్లు విప్పి బిగించేసరికి నా అంత మొనగాడు లేడనుకున్నా. మీ అమ్మకి నెల్లూరులో బీఈడీ ఎంట్రన్స్, పొద్దున పది గంటలకి. ముందురోజే బస్సులో పోయి పెద్దమ్మ వాళ్ళింట్లో ఉంటానంది అక్క. నేనే వద్దన్నా. నాలుగుకి లేస్తే ఎనిమిదికల్లా దింపుతానన్నా.

ఆ సాయంత్రం బండి ఐడ్లింగ్ నిలబడలేదు. విప్పి చూస్తే పైలట్ జెట్, అదే బండి మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోలు పోసే బుల్లి గొట్టం, జిగురు పట్టి ఉంది. అర మిల్లీమీటరు కూడా ఉండదు దాని బెజ్జం. నోటితో ఊదా, పోలేదు. పాత క్లచ్ కేబుల్లోంచి ఒక పోగు తెంపి దూర్చా. ఇంకా బాగా శుభ్రమవుతుందని అటూ ఇటూ తిప్పా. బిగించి కొడితే మొదటి కిక్‌కే అందుకుంది. అక్కని పిలిచి మరీ వినిపించా.

జెట్ ఇత్తడిది, కేబుల్ పోగు ఉక్కుది. బెజ్జం ఎంత అరిగిందో నాకు తెలియలేదు. చీకట్లో గుంతల రోడ్డు, వెనక అక్క ఉందని మెల్లగా తోలా. మెల్లగా పోతున్నంతసేపూ పెట్రోలు పోసేది ఆ పైలట్ జెట్టే. పెట్రోలు ఎక్కువైంది, టూ స్ట్రోక్ కాబట్టి ఆయిల్ కూడా తోడైంది. ఆత్మకూరు ఇంకా పది పన్నెండు కిలోమీటర్లుందనగా ప్లగ్గు షార్టయి బండి ఆగింది. విప్పితే తడిగా, తారు పూసినట్టుంది. చొక్కా అంచుతో తుడిచి పెడితే అర కిలోమీటరు పోయేది, మళ్ళీ ఆగేది. స్పేర్ ప్లగ్గు లేదు. అక్క ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో హాల్ టికెట్ ఉన్న కవరు పట్టుకొని నిలబడింది.

తెల్లారింది. ఆరున్నరకి నెల్లూరు బస్సు వచ్చింది. అక్క చెయ్యెత్తబోయింది. ప్లగ్గు అప్పుడే తుడిచి పెట్టా చిట్టీ, ఈసారి ఆగదక్కా అన్నా. అక్క చెయ్యి దించేసింది. బస్సు మా పక్కనుంచే పోయింది.

ఆ తర్వాత బండి ఒక్క కిలోమీటరు కూడా పోలేదు. చివరికి లారీ ఎక్కి ఆత్మకూరు, అక్కణ్ణుంచి బస్సులో సంగం, బుచ్చి మీదుగా నెల్లూరు చేరేసరికి పదకొండు దాటింది. గేటు వేసేశారు. మర్నాడు ఆత్మకూరులో ఒక ముసలి మెకానిక్ నా జెట్‌నీ కొత్త జెట్‌నీ పక్కపక్కన ఆకాశానికి ఎత్తి చూపించాడు. కొత్తదాంట్లో గుండ్రంగా సూదిమొనంత వెలుతురు. నాదాంట్లో ఆ వెలుతురు కోడిగుడ్డులా సాగి ఉంది.

మరుసటి ఏడాది అక్కకి పెళ్ళి చేశారు. మళ్ళీ బీఈడీ మాట రాలేదు. ఇన్నేళ్ళలో ఆ బస్సు సంగతి అక్క ఒక్కసారి కూడా ఎత్తలేదు. మొన్న ఫోన్‌లో ఏమందో తెలుసా? ‘కార్బురేటర్ సంగతి నీకంటే ఎవరికి తెలుసురా, పిల్లకి నువ్వే చెప్పు’ అంది.

కాబట్టి జెట్‌లో తీగ, సూది, పిన్నీసు ఏదీ దూర్చొద్దు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టు. తప్పదంటే సన్నటి నైలాన్ గాలం దారం. ఒక కొత్త పైలట్ జెట్, ఒక నీడిల్, ఒక ఓరింగు చిన్న డబ్బాలో వేసుకో, అరచేతిలో పడతాయి. ఇంకో మాట. అక్కడ కొండల్లో బండి ఆగి, చెయ్యెత్తితే ఆగే బస్సో జీపో వచ్చిందంటే ఎక్కెయ్. స్క్రూ సగం విప్పి ఉన్నా వదిలెయ్. బండి పోతే ఇంకోటి కొనిస్తా.

వాగులు దాటేటప్పుడు కార్బురేటర్ నుంచి కిందికి వేలాడే గాలి పైపు చూసుకో. దాని మూతి నీళ్ళలో మునిగితే చాంబర్‌కి గాలి ఆడదు, బండి వాగు మధ్యలో ఆగుతుంది. టీ జాయింట్ పెట్టి ఒక పైపు పైకి, ట్యాంకు కిందికి తిప్పితే సరి. ఎయిర్ ఫిల్టర్‌లోకి నీళ్ళు పోయాయని అనుమానమొస్తే సెల్ఫ్ కొట్టకు. ప్లగ్గు తీసి చూడు. చాంబర్ కింద డ్రెయిన్ స్క్రూ విప్పి పారదర్శకంగా ఉన్న సీసాలో పట్టు, నీళ్ళుంటే అడుగున పూసల్లా నిలుస్తాయి. బండిని రైల్లో వేస్తే ట్యాంకు ఎటూ ఖాళీ చేయిస్తారు, చాంబర్ కూడా ఈ స్క్రూతోనే ఖాళీ చెయ్. రెండు మూడు వారాలు తియ్యకుండా పెట్టినా ఇదే పని. జిగురు పట్టేది నిలవున్న పెట్రోలు వల్లే.

స్పితి దారిలో కుంజుమ్ కనుమ నాలుగున్నర వేల మీటర్ల పైన. మన నెల్లూరు గాలితో పోలిస్తే అక్కడుండేది సగానికి కొంచెం ఎక్కువ. పెట్రోలు పాళ్ళు ఎక్కువై పొగ నల్లగా వస్తుంది, లాగుడు తగ్గుతుంది. కంగారు పడకు, చిన్న గేర్లలో ఓపికగా ఎక్కు. వేగంగా పోయేటప్పుడు పెట్రోలు పోసేది మెయిన్ జెట్. అది చిన్నది వేయమని ఎవరైనా చెబితే నాకు ఫోన్ చెయ్. వేసినా దిగగానే పాతది పెట్టించు. మరిచిపోయి మైదానంలో వేగంగా తోలితే పెట్రోలు చాలక ఇంజన్ పిస్టన్ కాలిపోతుంది. స్పితి లోయలో కాజా ఊరు దాటితే బంకు దొరుకుతుందని నమ్ముకోకు, నీ ట్యాంకు 11 లీటర్లే. కాజాలో సగం ఉన్నా నింపుకో.

వచ్చే ఆదివారం బండి తీసుకొని ఉదయగిరి రా. అమ్మని వెనక ఎక్కించుకొని రా. మెల్లగానే తోలు. షెడ్డులో ఆ రోజు వేరే పని పెట్టుకోను. కార్బురేటర్ మొత్తం నువ్వే విప్పాలి, నేను పక్కన స్టూలు మీద కూర్చుంటా. నీ బండి పైలట్ జెట్‌ని ముందు మీ అమ్మకి చూపించు, ఆకాశానికి ఎత్తి.

మీ మామ