పాఠకుల ప్రశ్నలు: వీపు కొలుచుకున్నాకే బ్యాగు కొనండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిసెంబర్‌లో నేనూ మా చెల్లీ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి బుక్ చేసుకున్నాం. నా హైట్ 5 అడుగుల 1 అంగుళం, బరువు 50 కేజీలు. ఇంట్లో తమ్ముడి 65 లీటర్ల రక్‌సాక్ ఉంది, అదే పట్టుకెళ్ళమంటున్నాడు గానీ వేసుకుంటే భుజాలు లాగేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో లేడీస్ బ్యాగులని విడిగా ఉన్నాయి, రేటు చూస్తే భయమేస్తంది. నిజంగా తేడా ఉంటదా, లేక రంగు మార్చి అమ్ముతున్నారా? ఎన్ని లీటర్లది కొనాలి, బ్యాగు ఎంత బరువుండాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: తేడా ఉంటదండి, కచ్చితంగా ఉంటది. కానీ లీటర్లు, రేటు, బ్రాండు ఇవన్నీ తర్వాత చూద్దాం, ముందు మీ వీపు పొడవెంతో తెలియాలి. బ్యాగు సైజు మనిషి ఎత్తుని బట్టి ఉండదు, వీపుని బట్టి ఉంటది. ఒకే ఎత్తున్న అక్కాచెల్లెళ్ళలో కూడా ఒకళ్ళకి కాళ్ళు పొడుగు, ఇంకొకళ్ళకి నడుం పైభాగం పొడుగు ఉండొచ్చు, అప్పుడు ఇద్దరికీ ఒకే బ్యాగు సరిపోదు.

కొలవడం తేలికే. జాకెట్లు కుట్టే టేపు ఒకటి తీసుకుని అమ్మగారినో చెల్లినో పిలవండి. మీరు తల ముందుకి వంచితే మెడ కింద, వీపు మొదలయ్యే చోట ఒక ఎముక ఉబ్బెత్తుగా చేతికి తగులుద్ది, పై కొలత అక్కణ్ణించి. ఇప్పుడు రెండు చేతులూ నడుం పక్కల పెట్టి కిందకి జారిస్తే తుంటి ఎముక పైఅంచు గట్టిగా తగుల్తది. అక్కడ వేళ్ళు ముందుకీ బొటనవేళ్ళు వెనక్కీ వచ్చేలా పట్టుకోండి. రెండు బొటనవేళ్ళ మధ్య ఒక గీత ఉందనుకోండి, పైఎముక నుంచి ఆ గీత దాకా వెన్నెముక వంపు వెంబడే టేపు పెట్టి కొలవమనండి. నిటారుగా నిలబడాలి, ఊపిరి బిగపట్టొద్దు. ఎన్ని అంగుళాలొస్తే అదీ మీ టోర్సో, అంటే వీపు పొడవు. మీ ఎత్తుకి 15, 16 దగ్గర వస్తే కంగారు పడకండి, అది మామూలే. మగవాళ్ళ మీడియం సైజు బ్యాగులు చాలావరకు 18 అంగుళాల దగ్గర మొదలవుతాయి, మీ తమ్ముడి బ్యాగు మీ భుజాల్ని లాగేది అందుకే. దాని బెల్టు మీ తుంటి మీద కూర్చోకుండా కిందకి జారిపోతంది, దాంతో మొత్తం బరువంతా భుజాలకే పడతంది.

అసలు సంగతి ఈ బెల్టేనండి. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళు నిండు బిందెని చేత్తో వేలాడేసుకుని రారు కదా, తుంటి మీద ఆనించుకుని వస్తారు. ట్రెక్కింగ్ బ్యాగు చేసే పనీ అదే, బరువులో ముప్పాతిక దాకా తుంటి ఎముకలు మొయ్యాలి, భుజాల పట్టీలు బ్యాగుని వెనక్కి పడకుండా పట్టుకుంటే చాలు. బెల్టు బొడ్డు మీదకి రాకూడదు, చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటు కూడా కాదు, ఇంకా కిందకి, రెండు పక్కలా ఎముక మీదే రావాలి.

ఆడవాళ్ళ బ్యాగుల్లో మార్చేది ఇవే మరి. వీపు పొడవు తగ్గిస్తారు, భుజాల పట్టీలు ఇరుగ్గా పెట్టి ఛాతీ దగ్గర నొక్కకుండా వంపు తిప్పుతారు, తుంటి బెల్టు మన ఒంటి తీరుకి తగ్గట్టు ఏటవాలుగా కుడతారు. డ్యూటర్ వాళ్ళ బ్యాగుల మీద ఎస్‌ఎల్ అని రాసుంటే అది ఆడవాళ్ళ కొలత. ఆస్ప్రే కంపెనీ బ్యాగుల్లో ఎక్సోస్ అనే మోడల్ మగవాళ్ళది, దాని జోడీ ఎజా ఆడవాళ్ళది, 48 లీటర్ల ఎజా కిలోంబావు దగ్గర్లో ఉంటది, తేలిక బ్యాగుల్లో నాకు బాగా నచ్చేది అదే గానీ రేటు ఎక్కువే. డెకాథ్లాన్ ఫోర్‌క్లాజ్‌లో కూడా లేడీస్ మోడల్స్ ఉంటాయి, అంత తేలిక కాకపోయినా వీపు పొడవు సర్దుకునే రకం చూసుకుంటే మొదటిసారికి డబ్బుకి తగ్గ సరుకే. అలాగని లేడీస్ అని రాసున్నదే కొనాలని రూలేం లేదు, మీ వీపుకి మగవాళ్ళ స్మాల్ సైజు చక్కగా కూర్చుని బెల్టు బిగిస్తే నిక్షేపంగా తీసుకోండి. సన్నగా ఉన్నవాళ్ళకి ఒక చిక్కుంటది, బెల్టు పూర్తిగా లాగినా ఇంకా వదులుగా ఉండి రెండు పక్కల మెత్తలూ ముందు ఒకదానికొకటి తగిలిపోతాయి. అలాంటిది ఎంత మంచిదైనా వదిలెయ్యండి, ఇంక బిగించడానికి చోటుండదు.

ఇప్పుడు బరువు. రోజుల తరబడి నడిచేవాళ్ళు మొత్తం మోత తమ ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకుంటారు. మీకది 10 కేజీలు, నీళ్ళతో సహా. రెండు లీటర్ల నీళ్ళకే 2 కేజీలు పోయింది. బ్యాగు 2.3 కేజీలదైతే మీ సామానుకి మిగిలేది 5.7, బ్యాగు 1.3 కేజీలదైతే 6.7. ఆ కేజీ తేడాలో మీ జాకెట్ వచ్చేస్తది. కాబట్టి తేలిక బ్యాగు కోసం ఖర్చు పెట్టడం దండగ కాదు. కాకపోతే మరీ ఎగబడి 700, 800 గ్రాముల ఫ్రేము లేని బ్యాగులకి పోవద్దు. వాటిల్లో వీపు వెంబడి బద్ద ఉండదు, సామాను ఎక్కువైతే బ్యాగు కుంగిపోయి బరువు మళ్ళీ భుజాల మీదకే వస్తది. అవి సామాను బాగా తగ్గించుకోవడం వచ్చినవాళ్ళకి. కేదార్‌కంఠ 12,500 అడుగులు, డిసెంబర్ రాత్రుళ్ళు సున్నా కన్నా కిందకి పోతాయి, చలిబట్టలు తప్పవు, మీకు ఫ్రేమున్నదే కావాలి. నా లెక్కలో కిలో నుంచి కిలోన్నర మధ్య ఉన్నది చూడండి.

లీటర్లంటారా, ట్రెక్ నడిపేవాళ్ళు టెంటు, స్లీపింగ్ బ్యాగు, భోజనం ఇస్తారేమో కనుక్కోండి, చాలామంది ఇస్తారు. ఇస్తే 40 నుంచి 50 లీటర్లు ధారాళంగా సరిపోద్ది. 65 కొంటే ఖాళీ ఉంది కదా అని ఏదోటి కుక్కుతాం, ఇంట్లోవాళ్ళు జంతికలూ పూతరేకుల డబ్బాలూ పెట్టకుండా పంపుతారా చెప్పండి. ముందు సామానంతా మంచం మీద పరిచి, కాటా మీద తూచి, అప్పుడు బ్యాగు కొనండి.

షాపులో ఖాళీ బ్యాగు వేసుకుని అద్దం ముందు చూసుకుంటే ఏమీ తెలీదండి. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో పెద్ద స్పోర్ట్స్ షాపుకి వెళ్తే లోపల బరువు పెట్టి ఇమ్మని అడగండి, మొహమాటపడొద్దు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ట్యాగులు తియ్యకుండా 8 కేజీల బియ్యం సంచులు పెట్టి ఇంట్లోనే ఓ అరగంట తిరగండి, మెట్లెక్కి దిగండి. పట్టీలన్నీ వదులు చేసి వేసుకోవాలి, మొదట తుంటి బెల్టు బిగించాలి, తర్వాత భుజాలవి, తర్వాత భుజం పైన వెనక్కి పోయే చిన్న పట్టీలు, ఆఖర్న ఛాతీ మీది క్లిప్పు. ఆ క్లిప్పు పైకీ కిందకీ జరిగేది అయ్యుండాలి. భుజం పట్టీకీ వీపుకీ మధ్య సందు కనిపిస్తే బ్యాగు మీకు పొడుగు, బెల్టు పొట్ట మీదకి ఎక్కేస్తంటే పొట్టి. తిరిగి పంపే గడువు దాటకుండా ఈ పనంతా అవ్వాలి.

మనది బల్లపరుపు నేల, ఎక్కడానికి గట్టు తప్ప ఏమీ లేదు. అయినా ఏటిగట్టు మీద పొద్దున్నే ఆ బ్యాగు తగిలించుకుని నడవండి, మేడమెట్లు ఎక్కి దిగండి, వీలు చూసుకుని ఒకసారి మారేడుమిల్లి వైపు వెళ్ళి రండి. ఎక్కడ ఒరుసుకుంటందో ఇక్కడే తెలిసిపోద్ది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. నెలసరి తేదీ ఎప్పుడున్నా సరే ప్యాడ్లు, వాడినవి పెట్టడానికి జిప్ కవర్లు, ఒక నల్ల కవరు బ్యాగు పైజేబులో ఉంచండి, అడుగున కాదు. మంచులో చీకట్లో బ్యాగంతా తవ్వుకోవడం చాలా కష్టం. వాడినవి కొండ మీద వదలకుండా వెనక్కి తెచ్చెయ్యాలి.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, టీచర్ని. మోకాళ్ళు కొంచెం ఇబ్బంది పెడుతున్నాయి. ట్రెక్‌లో డబ్బు కడితే పెద్ద బ్యాగు కంచరగాడిద మీద వేస్తామన్నారు. అప్పుడు నాకు మంచి బ్యాగు అవసరమా, మామూలు కాలేజీ బ్యాగు చాలదా?
– పాలకొల్లు నుంచి

జవాబు: కంచరగాడిద మీద వేయించుకోండి మేడమ్, అందులో తప్పేం లేదు. కానీ కాలేజీ బ్యాగు వద్దు. పెద్ద బ్యాగు మీ చేతికి సాయంత్రం క్యాంపులోనే వస్తది, పగలంతా నీళ్ళు, వాన జాకెట్, ఒక చలికోటు, మందులు, టార్చి, తినడానికేదైనా మీ వీపు మీదే ఉండాలి, అన్నీ కలిపితే నాలుగైదు కేజీలు తేలిగ్గా అవుద్ది. తుంటి బెల్టున్న 20–25 లీటర్లది తీసుకోండి. చక్రాల సూట్‌కేసు మాత్రం పట్టుకెళ్ళకండి, గాడిద మీదకి మెత్తటి బ్యాగే కావాలి.

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం కొన్న రక్‌సాక్ అటక మీంచి తీస్తే లోపల జిగురుజిగురుగా ఉంది, తెల్ల పొర రాలుతంది, అదో రకం వాసన. ఎలక కూడా ముట్టుకోలేదు, మరెందుకిలా?
– ముమ్మిడివరం నుంచి

జవాబు: ఇది మన గాలి మహిమండి. బట్ట లోపలివైపు నీళ్ళు దిగకుండా పాలీయురేథేన్ పూత వేస్తారు, వేడీ తేమా రెండూ ఉన్నచోట ఏళ్ళ తరబడి మూసి ఉంచితే గాల్లో తేమ వల్ల ఆ పూత విడిపోద్ది. కోనసీమలో అటక మీద ఆ రెండిటికీ కొదవలేదు. పోయిన పూతని మళ్ళీ అతికించలేం. గోరువెచ్చని నీళ్ళూ కొంచెం సబ్బూ వేసి మెత్తటి బ్రష్‌తో లోపల రుద్ది, పొర వచ్చినంత వచ్చేశాక నీడలో ఆరబెట్టండి, వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యొద్దు. బట్ట, కుట్లు గట్టిగా ఉంటే బ్యాగు ఇంకా వాడుకోవచ్చు, లోపల మందపాటి పాలిథీన్ సంచి పరిచి సామాను అందులో సర్దండి. కొత్త బ్యాగులకైనా ఈ సంచి పెట్టమనే చెప్తాను, ఎందుకంటే పైన వేసే రెయిన్ కవర్ వీపు వైపు కప్పదు, వాన అటునుంచే దిగుద్ది. ఈసారి దాచేటప్పుడు అటక వద్దు, జిప్పులన్నీ తీసి గాలి తగిలే గదిలో కొక్కేనికి తగిలించండి, వర్షాకాలం వెళ్ళాక ఓసారి బయట నీడలో పెట్టండి.