13 అల్యూమినియం క్లస్టర్ ఆక్సిజన్‌తో ఎందుకు కలిసిపోతోంది?

తమ్ముడూ, కావలిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నానన్నావు. 13 పరమాణువుల అల్యూమినియం క్లస్టర్ (చిన్న పరమాణువుల గుంపు) ఆక్సిజన్‌కు లొంగదని చదివావు, నీ లెక్కలో మాత్రం ఇట్టే కలిసిపోతోంది. నువ్వు పెట్టిన ఇన్‌పుట్ చూశాను: ఛార్జి 0, మల్టిప్లిసిటీ (జతకాని ఎలక్ట్రాన్ల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది) 2. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక్కో అల్యూమినియం 3 వేలెన్సీ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, మొత్తం 39. క్లస్టర్ మొత్తాన్నీ ఒకే పెద్ద పరమాణువులా చూసే జెల్లియం నమూనాలో 40 దగ్గర కర్పరం (ఎలక్ట్రాన్ల పొర) నిండుతుంది. నీ క్లస్టర్‌కు ఒక్కటి తక్కువ. అందుకే దాని ఎలక్ట్రాన్ అఫినిటీ, అంటే ఒక ఎలక్ట్రాన్ చేరితే విడుదలయ్యే శక్తి, క్లోరిన్‌లాగే సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుంది. ఆక్సిజన్‌కు లొంగనిది రుణ అయాను. ఛార్జి -1, మల్టిప్లిసిటీ 1 పెట్టు, డిఫ్యూజ్ ఫంక్షన్లున్న (దూరంగా విస్తరించే ఎలక్ట్రాన్‌నూ పట్టుకునే) బేసిస్ సెట్ వాడు. హోమో-లూమో గ్యాప్ (నిండిన స్థాయిల్లో పైదానికీ, ఖాళీ స్థాయిల్లో కిందిదానికీ మధ్య శక్తి తేడా) పెరగడం నీకే కనిపిస్తుంది.

1989లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కాసిల్‌మన్ బృందం ప్రయోగంలో 23 పరమాణువుల రుణ అయాను కూడా ఇలాగే నిలబడింది. 69కి ఒకటి కలిపితే 70, అదీ నిండిన కర్పరమే. నాకు చాలా ఇష్టమైన ఫలితం ఇది.

ఇంకోటి, చాలామంది వదిలేసేది: ఆక్సిజన్ అణువు ట్రిప్లెట్, అంటే దానిలో జతకాని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. అయాను, ఆక్సిజన్ రెండూ కలిపిన లెక్క మల్టిప్లిసిటీ 3తో మొదలుపెట్టు. ఆక్సిజన్ అణువులోని బంధం తెగాలంటే ఎలక్ట్రాన్ల స్పిన్ మారాలి, అది తేలిగ్గా జరగదు. అయాను మొండికేయడానికి గ్యాప్‌తో పాటు ఇదీ కారణమే. రన్ అయ్యాక ఎలక్ట్రాన్ అఫినిటీ ఎంత వచ్చిందో ఇక్కడే పెట్టు, చూద్దాం.