సమాధానం: తలంటు అనగానే మంచం కిందికి దూరే మూడేళ్ల బాబు

మీవాడి భయం నీళ్లంటే కాదండీ, కళ్లలో పడే కుంకుడు రసమంటే. మామూలు స్నానం ఆడుతూ చేస్తాడన్నారుగా, అదే గుర్తు.

1. కొన్నాళ్లు కుంకుడుకాయలు ఆపి, కళ్లు మండని పిల్లల షాంపూ వాడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: తల ముందుకు వంచి పోయకండి, నురగంతా కళ్లలోకే జారుతుంది. పైకప్పు చూడమనండి. పొడి తువ్వాలు మడిచి వాడి చేతికే ఇచ్చి, నుదుటికి అదిమి పట్టుకోమనండి. కాపాడుకునే పని తనదే అయితే సగం ఏడుపు అక్కడే ఆగుతుంది. నీళ్లు నుదుటి నుంచి వెనక్కి, నెమ్మదిగా.

3. ప్రతి చెంబుకూ ముందే చెప్పండి: "పోస్తున్నా నాన్నా."

మా పాప ముందు తన బొమ్మకు తలంటి, "ఏడవకు బంగారం, అయిపోయింది" అని ఊరడించాకే తన తల ఇచ్చేది. మీవాడికీ ఓ బొమ్మ ఇచ్చి చూడండి.