అమ్మమ్మ గురించి రాసే ముందు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

సంవత్సరీకం నాటికి అమ్మమ్మ మీద చిన్న పుస్తకం వేయించాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. మన ఇళ్ళల్లో పోయిన పెద్దవాళ్ళ మీద ఇలాంటివి కొన్ని నేనే దగ్గరుండి వేయించాను కాబట్టి నాకు తోచినవి రాస్తున్నాను. నచ్చినవి తీసుకో, మిగతావి వదిలెయ్.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మొదటి పేజీ చదివాను. "పరమ భక్తురాలు, శాంతమూర్తి, సహనశీలి" అని మొదలుపెట్టావు. పరమ భక్తురాలు, ఒప్పుకుంటాను. శాంతమూర్తి అని ఎవరు చెప్పారే నీకు? పాలల్లో నీళ్ళు ఎక్కువైన మర్నాడు పాలవాడు మా పిన్ని, అదే మీ అమ్మమ్మ, ఎదుటికి రాలేక కొడుకుని పంపేవాడు. ఆ వాక్యం కొట్టెయ్. పేరు మారిస్తే పక్కింటి మామ్మగారికీ అదే సరిపోతుంది.

భక్తికి ఒక అధ్యాయం, సరదాకి ఒక అధ్యాయం అని విడగొట్టావట. అదీ వద్దు. శివరాత్రి జాగారం ఒక్కటి సరిగ్గా రాయి, రెండూ అందులోనే వచ్చేస్తాయి. పగలంతా కటిక ఉపవాసం. సాయంత్రం గుళ్ళో అభిషేకం చూసొచ్చి, వసారాలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్ళు గీసేది. అడ్డం అయిదు, నిలువు అయిదు. తన కాయలెప్పుడూ చింతగింజలే, మాకు పగిలిన గాజుముక్కలు. ఎడమచేతిలో రుద్రాక్షమాల తిరుగుతూనే ఉండేది, కుడిచేతిలో నాలుగు గవ్వలు. నాలుగూ బోర్లా పడ్డాయంటే "అష్టా!" అని అరిచిన అరుపుకి గదిలో కునుకు తీస్తున్న మీ తాతయ్య ఉలిక్కిపడి లేచేవారు. పందెం, తెల్లారాక తినబోయే అరటిపండు. ఆట చెయ్యి జారిపోతోందనిపిస్తే "అదిగో గుళ్ళో గంట, దణ్ణం పెట్టుకోండర్రా" అనేది. మేం కళ్ళు మూసుకుని తెరిచేలోగా ఆవిడ కాయ ఒక గడి ముందుకు జరిగి ఉండేది. ఇదేంటి పిన్నీ అంటే "శివుడు జరిపాడే, నన్నడుగుతావేం?" అని కడుపుబ్బ నవ్వేది. జపం ఎన్నో పూసలో ఉందో మాత్రం మర్చిపోయేది కాదు.

ఇలాంటివి రాబట్టాలంటే అడిగే తీరు తెలియాలి. "అమ్మమ్మ ఎలా ఉండేవారు?" అనకు. అందరూ "దేవతమ్మా" అని చేతులు దులుపుకుంటారు. అమ్మమ్మ ఎవరితో మాటలు మానేసింది, మళ్ళీ ఎవరు ముందు పలకరించారు? మ్యాట్నీకి వెళ్తూ ఇంట్లో ఏమని చెప్పేది? చీరలాయనతో బేరం ఎక్కడ మొదలుపెట్టేది? ఇవి అడుగు. కొడుకులకంటే కోడళ్ళకి ఎక్కువ తెలుసు. వాళ్ళకంటే పూలమ్మే ఆవిడకీ, గుడి పూజారి గారికీ ఎక్కువ తెలుసు. మాట్లాడేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన పడెయ్, దాని వంక చూడకు. ఎవరైనా మంగళహారతి పాడి వినిపిస్తే ఆవిడ పాడిన వరసలోనే ఉంచు. యూట్యూబ్‌లో ఉన్న పాఠం చూసి దిద్దకు.

ఇక తేదీలు. ఆధార్‌లో ఉన్న 1935 జనవరి 1ని అస్సలు నమ్మకు, అది నమోదు చేసినవాళ్ళు పెట్టిన పుట్టినరోజు. పిన్ని పుట్టింది ప్రభవ నామ సంవత్సరం, మాఘమాసం. అంటే 1928 మొదట్లో. ఎనభై దాటాక చేసిన సహస్ర చంద్ర దర్శనం శుభలేఖ మీ పెద్ద మామయ్య బీరువాలో ఉండాలి, నక్షత్రంతో సహా అందులో అచ్చేశారు. మిగతా సంగతులకి కృష్ణా పుష్కరాలు పట్టుకో. "రెండోవాడు కడుపులో ఉండగా పుష్కరాలొచ్చాయి" అంటారు చూడు, 2016, 2004, 1992, 1980 అని పన్నెండేళ్ళ చొప్పున వెనక్కి వెళ్తే ఏ ఏడో తేలిపోతుంది. అణాల్లో ధర చెప్పారని మాత్రం అది పాతకాలం అనేసుకోకు. నయాపైసలు 1957లో వచ్చినా, మొన్నమొన్నటి దాకా పిన్నికి పావలా నాలుగణాలే.

మనది దివిసీమ కాబట్టి ఉప్పెన రాయకుండా కుదరదు. 1977 నవంబరు 19, శనివారం, కార్తీకమాసం. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. కానీ ఆ రాత్రి గురించి పిన్ని తనంతట తాను ఎప్పుడూ నోరు విప్పలేదు. అందుకని నువ్వూ పేపర్లలోవి తెచ్చి పేజీలు నింపకు. నాకు తెలిసిందొకటి చెబుతాను. అంతకుముందు ఏటా మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళి సాగరసంగమంలో మునిగొచ్చేది. ఉప్పెన తర్వాత చాలా ఏళ్ళు అటు వెళ్ళలేదు. వేణుగోపాలస్వామికి ఇంట్లోంచే దణ్ణం పెట్టుకునేది. మళ్ళీ ఏ ఏడు వెళ్ళింది, ఎవరు తీసుకెళ్ళారు, నీళ్ళల్లో దిగిందా, ఒడ్డునే నెత్తిన చల్లుకుందా? పెద్ద మామయ్యని మెల్లగా అడుగు. చెప్తే రాయి. చెప్పకపోతే ఇంతవరకే రాసి ఆపెయ్.

రామకోటి పుస్తకాలు భద్రాచలం పంపిద్దామంటున్నారని విన్నాను. పంపించండి, ఆవిడ కోరికా అదే. కానీ అంతకుముందే ప్రతి పేజీ ఫోటో తీయించు. అంచుల్లో పాల లెక్కలున్నాయి, చీటీ పాట ఎవరు ఎంతకి పాడారో ఉంది. ఒకచోట శ్రీరామ శ్రీరామ అంటూ వచ్చి మధ్యలో "చిన్నదానికి జ్వరం తగ్గింది" అని రాసి, మళ్ళీ శ్రీరామ అందుకుంది. ఆ చిన్నది మీ అమ్మే. ఆ పేజీ ఉన్నదున్నట్టు పుస్తకంలో వెయ్యి, కింద వ్యాఖ్యానం అక్కర్లేదు.

వంటలు రెండు చాలు, గోంగూర పచ్చడి, చలిమిడి. కొలతలు ఆవిడవే ఉంచు, సోల, గిద్ద, చారెడు. గ్రాముల్లోకి మార్చకు.

ఆస్తి పంపకాల గొడవ జోలికి పోవద్దు. చదివేవాళ్ళలో సగం మంది ఇంకా ఆ గొడవలోనే ఉన్నారు. తోడికోడలితో పెట్టుకున్న జంతికల తగవు మాత్రం వదలకు. దాన్ని ఇద్దరూ కావాలనే పెంచి పోషించుకున్నారు, ఆ తగవు లేకపోతే వాళ్ళకి పొద్దుపోయేది కాదు.

అక్షరాలు పెద్దవి వేయించు, చదివేవాళ్ళందరికీ కళ్ళజోళ్ళే. నలభై పేజీలు దాటనివ్వకు.

అన్నిటికంటే ముందు ఎదురింటి సుబ్బమ్మ పిన్నిగారిని కలువు. మీ అమ్మమ్మతో అష్టాచెమ్మా ఆడి గెలిచిన మనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే. దసరా వెళ్ళగానే కొడుకు బెంగళూరు తీసుకెళ్ళిపోతాడట. ఈ ఆదివారమే బస్సెక్కు. పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నం ఆవిడ సీరియళ్ళు మొదలైతే దేవుడొచ్చినా మాట్లాడదు.

ఉంటాను,
పెద్దమ్మ